దాటేవాడే నీళ్ల వైపు వెళ్లాలి

కార్తీకంలో తెల్లవారుజామున మా గోదావరి కాలువ గట్టు మీద సైకిల్ తొక్కినవాళ్లకి, నడిచేవాళ్లకీ తొక్కేవాళ్లకీ మధ్య ఈ గొడవేంటో చెప్పక్కర్లేదు. రేవులో అరటి దొప్పల దీపాలు వదిలి, తడి కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఆడవాళ్లు గట్టెక్కుతుంటారు. ఎదురుగా వాకింగ్ బ్యాచ్ నలుగురూ వరసగా, గట్టంతా తమకే రాసిచ్చినట్టు, రాత్రి టీవీలో చూసిన రాజకీయాలు నములుకుంటూ వస్తుంటారు. వాళ్ల వెనకాల పాల క్యాన్ల సైకిలు. ఆ సైకిలుకీ వెనక హెల్మెట్టు, బిగుతు బనీను, ముప్పై వేల రూపాయల కొత్త సైకిలు. దానికి బెల్లు మాత్రం ఉండదు. స్టైలుగా ఉండదని పీకేస్తారట.

నాది పాత సైకిలే, బెల్లు కూడా ఉంది. కిందటి కార్తీకంలో నేను చేసిన పాపం దాన్ని కొట్టకపోవడం. ముందు ఒక పెద్దాయన నెమ్మదిగా నడుస్తున్నాడు, వెనక నుంచి ట్రింగుమనిపిస్తే అమర్యాదేమో అనిపించింది. చప్పుడు చేయకుండా పొలం వైపు నుంచి దాటబోయాను. హ్యాండిల్ కొస ఆయన మోచేతికి తగిలింది. ఉలిక్కిపడి ఆయన పక్కకి తప్పుకున్నాడు. అవతలి పక్కనున్నది నీళ్లు. అంచున తూటికాడ పొద ఉంది కాబట్టి సరిపోయింది, దాని మీద కూలబడ్డాడు. కుడికాలి చెప్పు మాత్రం కాలువలో పడి, దీపాల దొప్పల మధ్య తేలుకుంటూ పోయింది. "బెల్లు కొడితే చేతులరిగిపోతాయేంటండీ బాబూ?" అన్నాడు కూర్చునే. చెప్పులు కొనిస్తానంటే ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే వాదన. గట్టు మీద ఎవరు ఎవర్ని దాటినా, దాటేవాడు నీళ్ల వైపు నుంచే దాటాలి. నడిచేవాళ్లని పొలం వైపు వదిలెయ్యాలి.

వినడానికి తిరకాసుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. సైకిలువాణ్ణి కాలువలోకి తొయ్యమంటున్నాడేంటి అనుకుంటారు. కానీ ఆలోచించండి. తారు రోడ్డుకి రెండు అంచులూ దాదాపు ఒకటే, ఎటు పడ్డా మోకాళ్లు దోక్కుపోతాయి. గట్టుకి ఒక అంచు మట్టి, రెండో అంచు మృత్యువు. జూన్‌లో నీళ్లు వదిలిన దగ్గర్నుంచి దాళ్వా చేలు, అంటే రెండో పంట, పండేదాకా, వేసవిలో కట్టేసే కొద్ది వారాలు తప్ప, పెద్ద కాలువలు ఆళ్లోతున పారుతూనే ఉంటాయి. సిమెంటు లైనింగ్ చేసిన చోటైతే పాచి పట్టిన ఏటవాలు తప్ప, పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు. ఈ రెండు అంచుల్లో ఏది ఎవరికివ్వాలి? తొందర ఎవరిదో, ప్రమాదం తెచ్చిపెట్టేది ఎవరో, ఆ అంచు వాళ్లదే. డెబ్బై ఏళ్ల మనిషిని నీళ్ల వైపుకి నెట్టి మనం మట్టి వైపు నుంచి జారుకోవడం ఎక్కడి న్యాయం?

ఇంకో సంగతి నన్ను మరీ లాగుతుంది. నీళ్ల వైపు నుంచి దాటాల్సొస్తే ఎవడూ జోరుగా దాటడు. ఈ సూత్రానికి స్పీడ్ బ్రేకరూ, బోర్డూ, కానిస్టేబులూ అక్కర్లేదు. అడుగున్నర అంచు మీద, పక్కన కాలువ సుళ్లు తిరుగుతుంటే, కాళ్లు వాటంతటవే పెడలు ఆపేస్తాయి. భయమేస్తే ఆగుతాడు, ఇంకా భయమేస్తే దిగి నడిపించుకెళ్తాడు. ఆ భయం ఇన్నాళ్లూ నడిచేవాడు పడ్డాడు. ఇకనుంచి తొక్కేవాడు పడతాడు, అంతే తేడా. బ్యాటరీ సైకిళ్లకి ఇది మరీ ముఖ్యం. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే చట్టం వాటిని మోటారు వాహనంగానే లెక్కెయ్యదు. నంబరు ప్లేటుండదు, లైసెన్సు అడగరు, చప్పుడూ రాదు. పిల్లిలా వచ్చి పక్కన తేలతాయి.

బెల్లు సంగతికొస్తే, కొట్టడం కంటే ఎప్పుడు కొట్టామన్నదే అసలు విషయం. దగ్గరకొచ్చాక కొడితే మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు. ఎటు తల తిప్పితే అటే అడుగు పడుతుంది. కావాలంటే మీరే నడుస్తూ, కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి, రెండడుగులకే కుడికి జరిగుంటారు. అంటే మీదకొచ్చి కొట్టిన బెల్లు ఆయన్ని సరిగ్గా మీ చక్రం ముందుకే తెచ్చి నిలబెడుతుంది. పది సైకిళ్ల దూరం నుంచి ఒక్కసారి కొట్టి, ఆయన పొలం వైపు సర్దుకునేదాకా ఆగాలి. మన పాలవాళ్లకి, పేపరు కుర్రాళ్లకి ఇదంతా పుట్టుకతో వచ్చినట్టుంటుంది. రానిదల్లా ముప్పై వేలు పెట్టి సైకిలు కొన్నవాళ్లకే.

కుడి నుంచి దాటాలని కదండీ రూలు, నీళ్లు ఎడమనున్నప్పుడేం చెయ్యాలి అని ఒక లాయరు మిత్రుడు పట్టుకున్నాడు. ఆ రూలు రెండంచులూ ఒకేలా ఉండే రోడ్డు కోసం రాసింది. ఇంకొందరు అసలు వేరే ట్రాకే వేయించాలంటారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకు వేశారుగా అంటారు. వేశారు, బాగుంది కూడా. దాని వెడల్పే నాలుగున్నర మీటర్లు, మన గట్లు చాలాచోట్ల అంత కూడా లేవు. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన ఒక్క ఫుట్‌పాత్‌కే 1.8 మీటర్లు ఖాళీ ఉండాలి. ఇక గట్టు మీద రెండు ట్రాకులు గీస్తే గేదె ఎటు పోవాలి?

గేదెలంటే గుర్తొచ్చింది. చెట్టుకి కట్టిన పలుపుతాడు బాటకడ్డంగా సాగి ఉంటుంది, చీకట్లో కనపడదు. కోతలప్పుడు గట్టంతా ధాన్యం ఆరబోసి, బరకాల చుట్టూ రాళ్లు పేర్చి, ధాన్యం ఎత్తుకున్నాక రాళ్లని మాత్రం అక్కడే వదిలేస్తారు. వేసవిలో తీసిన పూడిక గట్టు మీదే పోస్తే తొలకరి వానకి అది జారుడుబండ. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవాళ్ల గురించి నేను చెప్పను, వాళ్లకెలాగూ వినపడదు.

బడి పిల్లల మీద మాత్రం నన్నేమీ అనమనకండి. ఆ మధ్య బడికొస్తా పథకంలో ఇచ్చిన సైకిళ్లతో మొదలై, మా వైపు ఆడపిల్లలు ముగ్గురేసి పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కుతారు. తొక్కనివ్వండి. వాళ్ల అమ్మలకి బడి దూరమైతే చదువే ఆగిపోయింది. వాళ్లని దాటాలన్నంత తొందర ఎవరికుంటే వాళ్లే నీళ్ల వైపు వెళ్తారు.

నాకు అసలు మంట ఇంకోచోట ఉంది. ఊళ్లో వాకర్లు సైకిళ్లు రాకూడదని బోర్డు పెట్టించాలని తిరుగుతున్నారు. గట్టు వాళ్ల గుండె ఆరోగ్యం కోసం పుట్టిందన్నట్టు! ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలువలు తవ్వించింది పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. పడవల్ని నీటి ఎత్తు తేడా దాటించే లాకులు కట్టింది అందుకే. గాలి లేనప్పుడు ఆ పడవల్ని గట్టు మీంచి మనుషులే తాళ్లతో లాగేవారు. భుజానికి తాడేసుకుని, ముందుకి వంగి, మైళ్లకి మైళ్లు. తాడు దేనికీ చిక్కుకోకూడదు కాబట్టి నీళ్లకీ బాటకీ మధ్య పాకా చెట్టూ ఉండనిచ్చేవారు కాదు. తర్వాత అదే బాట మీద కాలువ కాపలా కాసే లష్కర్లు తూములు చూసుకుంటూ సైకిళ్ల మీద తిరిగారు. గట్టు మొదటి నుంచీ కూలి చేసుకునేవాళ్ల బాట.

ఇప్పుడది ఏమైందో చూడండి. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్లే కెనాల్ రోడ్డు మీద బస్సులూ లారీలూ తిరుగుతాయి, అక్కడ సైకిలువాడి ప్రాణానికి ఎవరూ పూచీ లేరు. ఊళ్ల దగ్గర గట్టుని ముందు బడ్డీ కొట్టు తింటుంది, తర్వాత ఇంటి ప్రహరీ, తర్వాత నాయకుడి విగ్రహం, ఆ పైన చెత్తకుప్ప. 2008లో కాకినాడ కాలువ, ఏలూరు కాలువ జాతీయ జలమార్గంలో చేరాయి. మా ఊరి రేవులో మాత్రం ఇప్పటికీ తేలేది అరటి దొప్పలే. ఇన్ని పోగా మిగిలిన నాలుగైదు అడుగుల కోసం నడిచేవాడూ తొక్కేవాడూ కొట్టుకుంటున్నారు. మింగినవాళ్లు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

ఇక సుందరీకరణ. టైల్సూ, బెంచీలూ, రంగు దీపాలూ, గేటు. గేటు పెట్టిన రోజే పాల సైకిలు పరాయిదైపోతుంది. 2027 పుష్కరాల పేరుతో గోదావరి జిల్లాలకి డబ్బొస్తుంది, అందులో కొంత ఇలాంటి టైల్సుకే పోతుందని నా అనుమానం. దాని బదులు గట్టు కొలిచి హద్దు రాళ్లు పాతమనండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 138(1ఎ) సెక్షను, మోటారు లేని బళ్లకీ పాదచారులకీ నియమాలు రాసే అధికారం రాష్ట్రానికే ఇచ్చింది. కార్లనీ ట్రాక్టర్లనీ గట్టెక్కనివ్వకుండా, దాటేవాడు నీళ్ల వైపు అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

మా పెద్దాయనతో నాకిప్పుడు సఖ్యత కుదిరింది. దూరం నుంచి ఒక్క బెల్లు కొడతాను. వెనక్కి చూడకుండానే చేతికర్ర పొలం వైపు చాపి, అటు జరుగుతాడు. నేను నీళ్ల పక్కగా, గుండె గొంతులో పెట్టుకుని, పెడలు ఆపి మెల్లగా ఆయన పక్కకొస్తాను.

"ఈ జోరుకి సైకిలెందుకండీ, దిగి నాతో నడవచ్చు కదా" అంటాడు.