కూలి పెంచడం వైద్యం కాదట!

పొద్దున పరిశోధనలకు నిధులిచ్చే కమిటీ ముందు కూర్చుని వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల ఆరోగ్యం మీద నా పరిశోధన ప్రతిపాదన. జీతం, ఇల్లు, కులం, తాగే నీళ్లు వాళ్ల ఆయుష్షును ఎంత తినేస్తున్నాయో చూడాలని. కమిటీలోని పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని, "కులం, కూలి మనం మార్చగలిగేవి కావు కదమ్మా. చేతులు కడుక్కోమని ఫోన్లకు సందేశాలు పంపే పథకం పెట్టండి" అన్నారు. అలాగే సార్! కొళాయిలో నీళ్లు రాని రోజు ఆ సందేశంతోనే కడుక్కుంటారు.

1848లో అప్పటి ప్రష్యా రాజ్యంలోని ఎగువ సైలీషియాలో టైఫస్ అనే అంటుజ్వరం ఎందుకు వచ్చిందో చూసి రమ్మని పంపితే, విర్కో అనే జర్మన్ వైద్యుడు చదువు, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం కావాలని నివేదిక రాశాడు. అదృష్టవంతుడు, మా కమిటీ చేతికి చిక్కలేదు. లండన్ సర్కారు ఉద్యోగుల్లో హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు చావులు పెరుగుతాయని మార్మాట్ అనే బ్రిటిష్ పరిశోధకుడు చూపిస్తే అది శాస్త్రం. చీపురు పట్టిన ఆమె గురించి నేను అడిగితే మాత్రం రాజకీయం!

అంత దూరం ఎందుకు? 1898లో బెంగళూరు పాత పేటలో ప్లేగు చెలరేగాక, ఇరుకు ఇళ్లే చంపుతున్నాయని అప్పటి దొరలకు కూడా అర్థమైంది. గాలీ వెలుతురూ వచ్చేలా మల్లేశ్వరం, బసవనగుడి అనే కొత్త పేటలు తీర్చిదిద్దారు. ఆ మల్లేశ్వరం గాలి పీల్చుకుంటూనే మా కమిటీ పెద్దమనిషి, ఇల్లూ కూలీ ఆరోగ్యం కిందికి రావంటారు.

అసలు ఈయన మీద నాకు పాత బాకీ ఉంది. ఇంతకుముందు ఒక అధ్యయనానికి ఆయనే అధిపతి. ఆ కార్మికుల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, ఆయనకు ఒక్క ముక్క రాదు. తెల్లవారకముందే హాజరు వేసే చోటుకు వెళ్లి, మెట్ల మీద కూర్చుని మాట్లాడింది నేను. "మన భాషేనా తల్లీ" అని పక్కన చోటిచ్చి, నడుం నొప్పి దగ్గర మొదలుపెట్టి మొగుడి తాగుడు దాకా చెప్పుకున్నారు. వ్యాసం అచ్చయ్యాక చూస్తే మొదటి పేరు ఆయనది, రెండోది వారం రోజులు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లిన విదేశీ ప్రొఫెసరుది. నా పేరు చివర కృతజ్ఞతల్లో, "అనువాద సహాయం" అని.

ఇవాళ లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచి మరీ అడిగారు: "కొత్త ప్రాజెక్టుకు తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమ్మా."

ఉన్నారు సార్, పేరు ముందు వేస్తానంటే వస్తారు అన్నాను.