బ్యాంకు అడిగిన నవ్వు

పూల ప్రదర్శన చూద్దామని మేనకోడలితో బెంగళూరు లాల్‌బాగ్ తోటకు వెళ్లాను. ఆగస్టు సెలవు, ఇసుక వేస్తే రాలని జనం. సైకాలజీ చదువుతున్న పిల్లకు మెట్రోలోనే ఉపన్యాసం ఇచ్చాను: సెల్ఫీ పిచ్చి జబ్బేనని అమెరికా వైద్యులు తేల్చేశారు, మీ తరానికి ఆత్మవ్యామోహం ఎక్కువ, వగైరా.

"అది 2014లో పుట్టిన ఉత్తుత్తి వార్త మామయ్యా. 2017లో మాత్రం మన దేశపు విద్యార్థులనే పరిశీలించి, 20 అంశాలతో ఒక కొలమానం నిజంగానే తయారుచేశారు" అంది.

సరిగ్గా 1889 నాటి గాజు భవనం ముందు బ్యాంకు సందేశం: వెంటనే ముఖం చూపకపోతే ఖాతా స్తంభిస్తుంది.

ఫోను ఎత్తాను. కళ్లు ఆర్పమంది, ఆర్పాను. తల తిప్పమంది, తిప్పాను. నవ్వమంది. నవ్వితే, ఆధార్ ఫొటోతో ముఖం సరిపోలలేదంది. ఎలా సరిపోలుతుంది? ఆ ఫొటోలో నేను ఇల్లు దోపిడీ అయిన కబురు అప్పుడే విన్నవాడిలా ఉంటాను. ఆ ముఖంతో పోల్చడానికి నవ్వమనడం ఏ మహానుభావుడి ఆలోచనో!

"ఫోను మరీ దగ్గర పెట్టుకోకు మామయ్యా. అయిదు అడుగుల నుంచి తీసినదానితో పోలిస్తే, అడుగు దూరంలో మగవాళ్ల ముక్కు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో లెక్కగట్టారు."

అయిదు అడుగుల చెయ్యి ఎవరికుంటుంది? ఎవరో కుర్రవాడు జాలిపడి సెల్ఫీ కర్ర ఇచ్చాడు. కర్ర చాపితే, ముఖం దగ్గరికి తీసుకురమ్మంది ఫోను. తెచ్చాను. వెలుతురు చాలదంది, మిట్టమధ్యాహ్నం! ఎండకు ఎదురు తిరిగి, కర్ర ఎత్తి, మళ్లీ పళ్లికిలించాను. వెనక ఫొటోల కోసం నిలబడినవాళ్ల వరస పెరుగుతోంది.

"పాపం, ఇంట్లో ఎవరూ పట్టించుకోరేమో" అంది వరసలో ఒక పెద్దావిడ, శుభ్రమైన తెలుగులో. "తనను తానే చూసుకుని మురిసిపోతున్నాడు."

ఇంత ఊరిలో తెలుగువాళ్లు ఈ వరసలోనే ఉండాలా! నేనూ తెలుగువాడినేనమ్మా అని చెబుదామని గుడ్లురిమి చూశాను. ఫోను టంగుమంది. ధ్రువీకరణ పూర్తయింది.

ఇకపై ఖాతా తెరిచినప్పుడల్లా ఆ గుడ్లురిమిన ముఖమే కనిపిస్తుందట. మార్చుకోవాలంటే శాఖకే రావాలట. శాఖలో కెమెరా పాడైందట.