మహారాజశ్రీ కొండనాలుక గారికి

మెత్తటి అంగిలి చివర, రెండు టాన్సిళ్ళ నడుమ, నాలుక వెనక గల్లీలో వేలాడుతున్న తమకు బోడుప్పల్ నుంచి వ్రాయునది ఏమనగా,

తమరి దయవల్ల మా ఆవిడ మకాం హాల్లోకి మారింది. నేను గురక పెడతానంటే మొదట్లో నమ్మలేదు. ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆర్టీసీ బస్సు గేరు మార్చినట్టుంది. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి ఇరుకైతే, ఆ గాలికి అంగిలీ తమరూ కలిసి రెపరెపలాడతారట. జెండాకి పంద్రాగస్టు ఉంది కదా స్వామీ, రోజూ ఎందుకు?

చిన్నప్పుడూ ఇంతే. పొడిదగ్గు వస్తే చాలు, "కొండనాలుక దిగింది" అని మా అమ్మమ్మ తీర్పు. మిరియాల పొడి అద్దిన వేలితో తమరిని పైకి నొక్కేది. నడినెత్తిన జుట్టు గుప్పెడు పట్టి గుంజేది. వాంతి వచ్చేది గానీ దగ్గు పోయేది కాదు. ఆ జుట్టుకీ తమరికీ మధ్య తాడేమీ లేదని తెలిసేసరికి నాకు బట్టతల వచ్చేసింది. ఆ ఖాతా కూడా తమరిదే.

ఇంతకీ తమరి ఉద్యోగమేమిటి? మింగేటప్పుడు అంగిలితో పాటు లేచి, ఇరానీ చాయ్ ముక్కులోకి ఎక్కకుండా దారి మూస్తారట. సరే, ఒప్పుకున్నా. పల్చటి లాలాజలం ఊరించి గొంతు తడుపుతారట. ఉర్దూలో 'కాఫ్' (ق, మామూలు 'క' కాదు) అక్షరం సరిగ్గా పలకాలంటే నాలుక మొదలు తమరి దాకా రావాలి. మన హైదరాబాదులో 'వక్త్'ని 'వఖ్త్', 'సందూక్'ని 'సందూఖ్' అని గరగరలాడించి తేల్చేస్తారు గనుక ఆ కొలువూ ఇక్కడ అంతంతమాత్రమే.

అందుకే కోయించేద్దామని డాక్టరు దగ్గరికెళ్ళా. "ఆ" అనమని టార్చి వేశాడు. తమరు వాచి ఉన్నారు. ఎందుకయ్యా అంటే, రాత్రంతా గురకకి అదిరి అదిరి వాచిందన్నాడు. ముద్దాయిని పట్టుకెళితే బాధితుడని తేలింది! ఆపరేషన్ ఉందిగానీ, ఎక్కువ కోస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి రావచ్చట, గొంతు ఎండిపోవచ్చట. తర్వాత నా మెడ కొలిచాడు. 17 అంగుళాలు. పొట్ట వైపు చూసి, శనివారాల సంగతి అడిగాడు. అది తాగితే గొంతు కండరాలు ఇంకా సడలుతాయట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేనేసిన మందుకి ఊడింది మంచంలో సగం.

నిద్రలో 10 సెకన్లకు పైగా ఊపిరి ఆగుతోందేమో చూడాలని వచ్చే మంగళవారం స్లీప్ టెస్ట్ రాశాడు. ఒంటినిండా వైర్లు పెడతారట. దయచేసి ఆ ఒక్క రాత్రి కొత్త చోటని మొహమాటపడి ఊరుకోకండి. డబ్బులు ముందే కట్టేశాను.

ఇట్లు,
తమరి ఇంటి ఓనరు