పదో రసం

నాటకం చూసి జనం ఎందుకు ఆనందిస్తారో చెప్పడానికి భరతముని ఎనిమిది రసాలను లెక్కపెట్టాడు. తర్వాతి ఆలంకారికులు శాంతాన్ని చేర్చి తొమ్మిది చేశారు. పాపం, వారిలో ఎవరికీ మొదటిరోజు వసూళ్ల పోస్టర్‌ను చూసే భాగ్యం కలగలేదు. కలిగి ఉంటే పదో రసాన్ని కూడా గుర్తించి ఉండేవారు. దాని పేరు గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు.

సినిమా విడుదలైన మర్నాడే, కత్తి భుజాన వేసుకున్న హీరో బొమ్మ మీద ఇన్ని కోట్లంటూ బంగారు అక్షరాలతో దిగే ఆ పోస్టర్‌ను మీరూ చూసే ఉంటారు. ఆ అంకెకు రసీదు ఉండదు, ఆడిటరు ఉండడు. అయినా దాన్ని చూసినప్పుడు అభిమాని ముఖంలో వెలిగే తృప్తి సొంత చెల్లెలి పెళ్లి కుదిరిన రోజున కూడా కనిపించదు.

మా వీధి చివర టీ బండి దగ్గర, మొదటి ఆట చూసి వచ్చిన కుర్రవాణ్ని ఒక పెద్దాయన అమాయకంగా పలకరించాడు.

‘‘సినిమా ఎలా ఉందిరా?’’

‘‘నైజాం అదిరింది బాబాయ్.’’

‘‘కథేమిటి?’’

‘‘సీడెడ్ కొంచెం వీక్. ఓవర్సీస్ కవర్ చేసేస్తుంది.’’

‘‘అది కాదురా, హీరోయిన్ చివరికి బతుకుతుందా లేదా?’’

‘‘రెండో వారం నిలబడితే బ్రేక్ ఈవెనే, పెట్టిన డబ్బు వెనక్కొచ్చేసినట్టే.’’

‘‘మరి నువ్వు టికెట్‌కు తగలేసిన డబ్బులో?’’

‘‘అవీ అందులోనే ఉన్నాయి బాబాయ్!’’ అన్నాడు వాడు, ఛాతీ పొంగించి.

వాణ్ని తక్కువగా అంచనా వేయకండి. సినిమా వ్యాపారంలో నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ. నిజాం పాలన 1948లోనే ముగిసినా, ఈస్టిండియా కంపెనీకి దత్తమైన ‘సీడెడ్’ జిల్లాల ముచ్చట 1800 నాటిదైనా, ఆ సరిహద్దులన్నీ వాడి నాలుక మీదే ఉన్నాయి. చరిత్ర పరీక్షలో మాత్రం అవి రాలేదు, అంతే. గ్రాస్‌లో జీఎస్టీ కూడా కలిసే ఉంటుంది, వంద దాటిన టికెట్‌పై అది 18 శాతం. అంటే తాను కట్టిన పన్నును సైతం హీరోగారి ఘనతగా చాటుకునే ఇలాంటి ఉత్తమ పౌరుడు ఏ ఆర్థికమంత్రికీ కలలో కూడా దొరకడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో, సంధ్య థియేటర్ దగ్గర, విడుదలకు ముందురోజు వేసిన ఆటకు పిల్లలతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. వసూళ్ల పోస్టర్లు మాత్రం ఆగలేదు. ఆ కుటుంబం కొన్న టికెట్లు కూడా ఆ కోట్లలో కలిసే ఉంటాయి కదా? ఆ అంకెను స్టేటస్‌గా పెట్టుకుని చంకలు గుద్దుకున్న చేతులు విరిగిపోకుండా ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సిగ్గులేనితనానికి కూడా ఒక బ్రేక్ ఈవెన్ ఉండాలి.

ఆ ఘటన తర్వాత, ఇకపై టికెట్ ధరల పెంపు ఉండదని తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలోనే ప్రకటించారు. నెల తిరగకుండానే ఒక సంక్రాంతి సినిమాకు అనుమతి వచ్చింది; హైకోర్టు అభ్యంతరం చెప్పాక వెనక్కి పోయింది. టికెట్ చవకైతే ప్రేక్షకుడు సంతోషించాలని మీరనుకుంటారు. అదనపు ఆటలు పోయాయి, రేట్లు తగ్గాయి, ఇక రికార్డు ఎలా కొడతామన్నదే అప్పట్లో పదో రసజ్ఞుడి దిగులు.