శ్రీయుత వైకల్య శాతం గారికి

ఉభయకుశలోపరి. దేవరకొండ నుంచి మీ ముప్పై ఏడు నమస్కరించి రాయునది. మేము ఇక్కడ క్షేమం, ముఖ్యంగా మధ్యాహ్నం పూట.

మీరు దయచేసిన ధ్రువపత్రం నిన్న ఫోనుకు వచ్చింది. 37 అని వేశారు. 40 ఉంటే పసుపు గీత ఉన్న వైకల్య గుర్తింపు కార్డు, నెలకు 4,016 రూపాయల పింఛనుకు దరఖాస్తు పెట్టుకునే యోగ్యత. లేదు కాబట్టి తెల్ల గీత. అంటే నాకు వైకల్యం ఉందని ఒప్పుకుంటూనే అది అక్కరకు వచ్చేంత లేదని సెలవిచ్చారు. ఇంత మర్యాదగా కాదనడం మా బంధువుల్లో ఎవరికీ చేతకాదు.

ఏ ఆసుపత్రో, ఏ శిబిరమో రాయను. అక్కడి డాక్టరు మంచివాడు, పాపం భోజనం చేసినట్టు కూడా లేడు. నా తగవు మీతోనే.

ఉదయం ఎనిమిదికల్లా హాజరు కావాలని సందేశం పంపారు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఉదయం ఎనిమిది ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఆ వేళకు నా వేళ్లు మడతపడవు, బొటనవేలు చిటికెన వేలిని తాకదు. తెల్లవారుజామునే నొప్పి మాత్ర వేసుకుని కూర్చున్నాను. అది పనిచేసేలోపు మా తోడికోడలు నాకు జడ వేసి, జాకెట్టు హుక్కులు పెట్టింది. మా వీధిలో సగం జాకెట్లకు హుక్కులు కుట్టింది నేనేనని ఇక్కడ సవినయంగా మనవి చేసుకుంటున్నాను. బస్సు మెట్టు దగ్గర కండక్టరు చెయ్యి అందించాడు. ఆ గంటలో మీరు నన్ను చూసి ఉంటే ఆ పసుపు గీతేదో అక్కడే గీసేవారు.

కానీ మీ దర్శనం రెండున్నరకు అయింది. రాత్రంతా బిగుసుకున్న కీళ్లు పొద్దెక్కేకొద్దీ, కదిలేకొద్దీ వదులవుతాయి. ఈ రోగం స్వభావమే అది. మీ వరుస నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, మళ్లీ నిలబెట్టి చక్కగా వ్యాయామం చేయించింది. దానికి మాత్ర తోడైంది. మీ ముందుకు వచ్చేసరికి నేను ఎంత బాగుండగలనో అంత బాగున్నాను. ఆలస్యంతో రోగం తగ్గించిన ఘనత మీకే దక్కాలి.

వరుసలో నా ముందు మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఫ్లోరైడు నీళ్లు ఎముకలను వంచేసిన మనిషి, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. “నీకేమైంది బిడ్డా, బాగానే ఉన్నావు కదా?” అన్నాడు. ఆయన్ను ఏమనగలను? మా జిల్లాలో వైకల్యమంటే కంటికి కనబడాలి, నిన్నా ఇవాళా రేపూ ఒకేలా ఉండాలి. ఆయన నొప్పికి సెలవు లేదు. నాదానికి ఉంది, అది సరిగ్గా మీ శిబిరం నాటి మధ్యాహ్నం తీసుకుంది.

డాక్టరు కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్దను మణికట్టుకు ఆనించి పైకి వంచమన్నాడు, కిందికి వంచమన్నాడు, డిగ్రీలు రాసుకున్నాడు. పిడికిలి బిగించమన్నాడు. బిగిసింది, ద్రోహి. తరువాత పనుల జాబితా. వైకల్యం కొలిచే ప్రభుత్వ మార్గదర్శకాల్లో చేతుల కోసం పది పనులు పెట్టారు: తలపైకి వస్తువు ఎత్తడం, చేత్తో తినడం, జడ వేసుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం, రాయడం వగైరా. చేయలేకపోతే ఒక్కో పనికి 9 శాతం. గ్లాసు నా చేతికిచ్చారు. పొద్దుటి నుంచి గొంతు ఎండిపోయి ఉన్నదాన్ని, గడగడా తాగేశాను. 9 శాతం ఖరీదు చేసే నీళ్లు!

“జడ వేసుకోగలరా?” అని అడిగాడు.

“ఎప్పుడు?” అన్నాను.

“ఎప్పుడేమిటమ్మా, వేసుకోగలరా లేదా?”

ఆయన చేతిలోని కాగితంలో ‘ఎప్పుడు’ అని రాసుకోవడానికి గడి లేదు. నా వెనుక ఇంకా బోలెడు మంది ఉన్నారు.

మీ లెక్కల గురించి కూడా ఒక ముక్క. చేతులకు 24, కాళ్లకు 18 వేశారు. కూరగాయల కొట్టులో కూడితే 42. మీరు మాత్రం 90లోంచి 24 తీసేసి, మిగిలినదాన్ని 18తో గుణించి, 90తో భాగించి, వచ్చిన 13 చిల్లరను మాత్రమే 24కు కలుపుతారు. అలా 37. చేతులూ కాళ్లూ ఒకేసారి పట్టేసిన రోజున నొప్పికి ఈ సూత్రం ఎవరైనా నేర్పితే బాగుండును.

పోనీ, ఇవన్నీ వదిలేస్తాను. వదల్లేనిది ఒకటుంది. నిన్ను చేరాలంటే చీకటితో లేవాలి, తయారవాలి, బస్సెక్కాలి, గంటల తరబడి నిలబడాలి. ఇవన్నీ చేయగలిగిన రోజే నేను నీ కంటపడతాను. చేయలేని రోజు మంచం మీద ఉంటాను, నీ రిజిస్టరులో గైర్హాజరు పడుతుంది. మరి నా చెడ్డ రోజును నువ్వు ఎన్నడైనా చూసే వీలుందా? రాగలిగితే రోగం లేదు, రాలేకపోతే మనిషే లేదు. నీ ముందు రోగినని రుజువు చేసుకోవడానికి ఆరోగ్యం కావాలి. ఇది ఎవరి బుర్రలో పుట్టిన ఏర్పాటు?

హైదరాబాదులో నా కీళ్ల డాక్టరు దగ్గర ఒక ప్రశ్నపత్రం ఉంటుంది. 1980లో అమెరికాలో తయారైన పద్ధతి, మన దేశానికి తగినట్టు 12 ప్రశ్నలుగా మార్చారు. చీర కట్టుకోగలరా, కుళాయి తిప్పగలరా, ఆటో ఎక్కి దిగగలరా అని అడుగుతుంది. ‘ఇప్పుడు’ అనదు, ‘గత వారం రోజుల్లో’ అంటుంది. అదీ గొప్పదేమీ కాదు. సోమవారం ఆటో ఎక్కాను, గురువారం ఆటో కమ్మీ పట్టుకోలేకపోయాను. రెంటినీ కలిపి ‘కొంచెం కష్టం’ దగ్గర టిక్కు పెట్టి వస్తాను. అయినా వారం ఉంటుందని దానికి తెలుసు. బ్రిటన్‌లో 2013 నుంచి ఇస్తున్న వైకల్య భత్యానికి, ఏడాదిలో సగానికి మించిన రోజుల్లో ఆ పని సాధ్యమా, ప్రమాదం లేకుండా మళ్లీ మళ్లీ చేయగలరా అని చూడాలట. అక్కడి రోగులూ తిట్టుకుంటూనే ఉంటారు, అది వేరే సంగతి. కనీసం అడగాలన్న ఆలోచన వచ్చింది.

అంత దూరం ఎందుకు, మా ఇంటికే రా. పొద్దున నేను పీట మీద జొన్న రొట్టె తట్టే చప్పుడు విని, పక్క గదిలోంచే మా అత్తమ్మ ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్పేస్తుంది. చప్పుడు మెత్తబడితే లేచి వచ్చి పీట తన వైపు లాక్కుంటుంది. ఒక్క మాట అనదు. వంకాయ తిన్నానని తరువాత అంటుందనుకో. కానీ ఆమె అంచనా ఎన్నడూ తప్పలేదు, పైగా బస్సెక్కి రమ్మనదు.

ఇక నా కుట్టుపని. ఒకరోజు మధ్యాహ్నం రెండు జాకెట్లు కుట్టగలను, అది నిజం. నీ డాక్టరు ఆ పూట వస్తే భేష్ అంటాడు. మరునాడు కత్తెర పట్టుకుంటే బొటనవేలు లేవదు, ఆ మరునాడూ అంతే. కుట్టలేకపోవడం కాదు నన్ను దెబ్బతీసింది; ఎప్పుడు కుట్టగలనో తెలియకపోవడం. పెళ్లివారు బట్ట తెచ్చి “బుధవారానికి అవుతుందా అక్కా?” అంటే నోరు పెగలదు. అవుతుందేమో. బతుకమ్మకు ఇస్తానని ఒప్పుకున్న బట్టలు కిందటేడు మడత విప్పకుండా తిరిగి ఇచ్చేశాను. ఆ అమ్మాయిలు ఇప్పుడు వేరే దర్జీ దగ్గరికి వెళుతున్నారు, వాళ్ల తప్పేముంది? మాట ఇవ్వలేని చేతికి ఎన్ని డిగ్రీలు వేస్తావు? నీ ప్లాస్టిక్ బద్దను ఎక్కడ ఆనిస్తావు?

మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను. ఈసారి రెండున్నర దాకా కూర్చోబెడితే కూర్చుంటాను గానీ గ్లాసు ముట్టను. మీ జవాబు దయచేసి ఫోనుకే పంపండి, టపాలో వద్దు. మా ఊరి పోస్ట్‌మాన్ పొద్దున్నే వస్తాడు, ఆ వేళకు కవరు చించడం నా వల్ల కాదు.

ఇట్లు,
37