రూట్ 7 మీద శనివారం

(ఉత్తర వర్జీనియా. అష్‌బర్న్ నుంచి వాషింగ్టన్ వైపు వెళ్తున్న కారు. స్టీరింగ్ ముందు కొడుకు, పక్క సీట్లో తెనాలి నుంచి వచ్చిన అమ్మ.)

కొడుకు: పోనీ బిర్యానీ తిందామా అమ్మా? ఈ సిగ్నల్ దాటగానే ఉంది.

అమ్మ: శనివారం రా.

కొడుకు: వెజ్ బిర్యానీ.

అమ్మ: ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది వెజ్ బిర్యానీ తినడానికా? వారం వారం అదే హోటలు, అవే మొహాలు. పోనివ్వు ముందుకి.

కొడుకు: అసలు ఈ ఇథియోపియా భోజనం సంగతి నీకెవరు చెప్పారు?

అమ్మ: పార్కులో ఒకావిడ. ఆవిడా మనవల్ని చూసుకోడానికే వచ్చింది, అడిస్ అబాబా నుంచి.

కొడుకు: ఆవిడకి తెలుగు రాదు. నీకు ఇంగ్లీషు రాదు. ఎలా మాట్లాడుకున్నారు?

అమ్మ: కోడళ్ళ గురించి చెప్పుకోడానికి భాష దేనికిరా?

కొడుకు: సరే. ముందు వియత్నాం వాళ్ళ బజారు చూపిస్తా. వాళ్ళు మొదట వాషింగ్టన్ పక్కనే క్లారెండన్ అనే పేటలో ఉండేవాళ్ళు. 1975లో యుద్ధం ఓడి, దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక వచ్చి అక్కడ కొట్లు పెట్టుకున్నారు. మెట్రో కోసం వీధంతా తవ్వేసి ఉండేది కాబట్టి అద్దెలు తక్కువ. 1979లో స్టేషన్ తెరిచారు. ఆ తర్వాత అద్దెలు పెరిగిపోయి, ఒక్కొక్కరే ఫాల్స్ చర్చ్ అనే ఊరికి వచ్చేశారు. అదే ఈడెన్ సెంటర్, 1984 నుంచీ.

అమ్మ: మెట్రో వస్తే మంచి తిండి పోతుందన్నమాట. మన అష్‌బర్న్‌కి ఎప్పుడొచ్చింది?

కొడుకు: 2022లో.

అమ్మ: అదీ సంగతి! అందుకే ఆ బిర్యానీ అలా ఏడ్చింది.

(ఈడెన్ సెంటర్. వందకు పైగా దుకాణాలు. పార్కింగ్ కోసం కారు గుండ్రంగా తిరుగుతోంది. గడియారం స్తంభం మూడోసారి కనబడింది.)

అమ్మ: ఇందాక చూసిన గడియారమేగా ఇది?

కొడుకు: అదే. సైగాన్‌లో బెన్ థాన్ మార్కెట్ అని ఉందిలే, అక్కడి గోపురం తరహాలో కట్టారు.

అమ్మ: మరి ఆ పసుపు జెండా, ఎర్ర చారలు?

కొడుకు: దక్షిణ వియత్నాం జెండా. ఆ దేశం ఇప్పుడు లేదు.

అమ్మ: దేశం పోయినవాళ్ళు ఇంత బజారు పెట్టుకున్నారు. దేశం ఉన్న నువ్వు ఫ్రీజర్‌లో పరోటాలు పెట్టుకున్నావు.

కొడుకు: అమ్మా, ఇక్కడ ఫో అని సూపు బాగుంటుంది. బియ్యపు నూడుల్స్, తులసి ఆకులు, నిమ్మచెక్క.

అమ్మ: నీళ్ళు దేనివి?

కొడుకు: ... గొడ్డు ఎముకలు. గంటల తరబడి మరగబెడతారు.

అమ్మ: శనివారం!

కొడుకు: శాకాహారం వేరే ఉంటుంది. వాళ్ళలో బౌద్ధులు అమావాస్య, పున్నమి రోజులకి మాంసం మానేస్తారు. కాకపోతే నోరు తెరిచి అడగాలి, లేకపోతే కూరగాయల్లోనూ చేపల సాస్ పోస్తారు.

అమ్మ: అడగరా మరి!

కొడుకు: నాకు మొహమాటం.

అమ్మ: పెళ్ళిచూపుల్లోనూ ఇదే మాట. పద, ఆ చెరకు రసం తాగి ఇథియోపియా పోదాం.

(అదే రూట్ 7 మీద కాస్త ముందుకు, బెయిలీస్ క్రాస్‌రోడ్స్. లాండ్రీకీ సెల్‌ఫోన్ షాపుకీ మధ్య ఇరుకైన హోటలు. ఇలాంటి చోట కాకుండా అద్దాల మాల్‌లో వెతికేవాళ్ళకి మంచి తిండి దొరకదు, అది వాళ్ళ ఖర్మ. బల్ల మీద పెద్ద పళ్ళెం, దాని నిండా ఇంజెరా అనే అట్టు, దాని మీద కుప్పలుగా కూరలు.)

కొడుకు: అట్టు ఒకవైపే కాల్చారు. తిరగెయ్యడం మరిచిపోయారు.

అమ్మ: తిరగెయ్యరు రా. పైన ఆ చిల్లులన్నీ కూర పీల్చుకోడానికి. టెఫ్ అని ఒక ధాన్యం, ఆవగింజ కంటే సన్నగా ఉంటుంది, ఆ పిండిని రెండు మూడు రోజులు పులియబెడతారు.

కొడుకు: ఇదంతా సైగలతోనే చెప్పిందా ఆవిడ?

అమ్మ: మనవడి ఫోన్లో చూపించింది. ఇదిగో, ఎర్ర కందిపప్పు, మిసిర్ వాట్. అబ్బ! కారమంటే ఇదీ. ఇది షిరో, శనగపిండి. మన బొంబాయి చట్నీయే, దేశం మారింది.

కొడుకు: ఇందులో మాంసం లేదని గ్యారంటీ ఏంటి?

అమ్మ: వాళ్ళలో ఆర్థడాక్స్ క్రైస్తవులకి బుధవారం, శుక్రవారం ఉపవాసం. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. ఈ పళ్ళెం ఆ ఉపవాసం పళ్ళెమే. నువ్వు శనివారం ఒక్కటి ఆపడానికి నెలకోసారి వంక వెతుకుతావు.

కొడుకు: స్పూన్ అడగనా?

అమ్మ: అడిగి చూడు, ఇక్కడే వదిలేసి బస్సెక్కి పోతా. నోరు తెరు.

కొడుకు: అమ్మా! నలభై రెండేళ్ళు నాకు. అందరూ చూస్తున్నారు.

అమ్మ: చూడనీ. ముద్ద చేసి పక్కవాళ్ళ నోట్లో పెట్టడం వాళ్ళ మర్యాద. గుర్షా అంటారు. పెద్ద ముద్ద పెడితే అంత ప్రేమ.

కొడుకు: (నోటి నిండా) ఊపిరాడట్లేదు.

అమ్మ: అంత ప్రేమ.

(పక్క బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొడుకు మెనూ వెనక దాక్కున్నాడు. చిన్న చిన్న కప్పుల్లో కాఫీ వచ్చింది. మళ్ళీ వచ్చింది.)

కొడుకు: ఇంక లేద్దాం. ఇంట్లో తను ఆకలితో ఉంటుంది.

అమ్మ: దానికి పార్సిల్ చెప్పాను. కూర్చో, మూడో విడత కాఫీ ఉంది.

కొడుకు: నువ్వా? ఎలా చెప్పావు?

అమ్మ: పళ్ళెం వైపు వేలు చూపించి, సంచీ చూపించాను. ఇరవై ఏళ్ళ నుంచి అమెరికాలో ఉన్నావు, నువ్వింకా మెనూ చదువుతూనే ఉన్నావు.