సవరణ: ప్రోబ్ రీడింగ్ చూసి పాస్ అనుకోవద్దు

పరికరం బయటికి వదిలే రేడియో నాయిస్ హద్దులో ఉందో లేదో తేల్చే సర్టిఫికేషన్‌కి పంపేముందు, సర్క్యూట్ బోర్డు మీద నియర్ ఫీల్డ్ ప్రోబ్ (నాయిస్‌ని అతి దగ్గర నుంచి పట్టే చిన్న సాధనం) పెడితే 120 మెగాహెర్ట్జ్ దగ్గర 36 డెసిబెల్స్ వచ్చింది, లిమిట్ 40 కాబట్టి పాస్ అయినట్టే అని మొన్న రాశాను. తప్పు రాశాను. సిస్పర్ 32 (ఎలక్ట్రానిక్ పరికరాల రేడియో నాయిస్‌కి అంతర్జాతీయ స్టాండర్డ్) లో ఇళ్లలో వాడే పరికరాలకి పెట్టిన క్లాస్ బి లో ఆ 40 అనేది 3 మీటర్ల దూరం నుంచి యాంటెన్నాతో కొలిచే ఫీల్డ్‌కి పెట్టిన లిమిట్, బోర్డుకి ఆనించిన ప్రోబ్ అంకెతో దానికి పోలికే లేదు. స్టాండర్డ్ మళ్లీ తీసి చూశాను, టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసే మిత్రుడూ అదే అన్నాడు. ప్రోబ్ పనికొచ్చేది నాయిస్ ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి, ఏదైనా మార్చాక తగ్గిందో లేదో చూసుకోవడానికి. నా బోర్డులో ఆ 120 మెగాహెర్ట్జ్ నాయిస్, క్లాక్ ఇచ్చే 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఐదో హార్మోనిక్, అంటే దానికి ఐదు రెట్ల ఫ్రీక్వెన్సీ. యూఎస్‌బీ కేబులే యాంటెన్నా అయి దాన్ని బయటికి వదులుతుంటే, బోర్డు మీద ప్రోబ్ పెట్టుకుని కూర్చున్న నాకేం తెలుస్తుంది!